అన్నవరం దాటాక ఒక గీత
(రోజూ చూసేవే, కథ తెలియనివి – 11వ భాగం: రైలు టైము)

గత భాగం గోదావరి గట్టున ఆగింది. 1893 నుంచి 1896 వరకు బెజవాడకీ కటకానికీ మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పట్టాలు పడిన తీరు, కరువులో గింజలు చేరవేసే దారి లేక ఒరిస్సాలో లక్షల మంది పోయాక గానీ ప్రభుత్వం ఈ లైను వైపు చూడకపోవడం, 1900 ఆగస్టులో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచేదాకా ప్రయాణికులు పెట్టేబేడా మోసుకుని గోదావరి రేవు దాటడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వంతెన పూర్తయింది. మద్రాసుకీ కలకత్తాకీ మధ్య పట్టా తెగకుండా సాగింది.

రెండు మహానగరాలూ కలిశాయి గానీ వాటి గడియారాలు కలవలేదు. మద్రాసులో పన్నెండు కొట్టే వేళకు కలకత్తాలో పన్నెండున్నర దాటేది. ఆ రెండింటి మధ్యలో ఉన్న వాల్తేరు, అంటే ఇప్పటి విశాఖ స్టేషన్, ఏ పన్నెండును నమ్మాలి?

ఈ ప్రశ్న విలువ విశాఖ శివార్లలోని దువ్వాడ స్టేషన్లో నిలబడితే బాగా తెలుస్తుంది. విశాఖ స్టేషన్లోకి వెళ్లిన హౌరా బండి ఇంజను మార్చుకుని వెనక్కి తిరిగి రావాలి. ఆ ఆలస్యం ఎందుకని చాలా దూరప్రయాణపు రైళ్లు నగరంలోకి పోకుండా బయటి లైను మీదుగానే సాగిపోతాయి. అలాంటి బండ్లకు విశాఖ అంటే దువ్వాడే. ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక జనం పిల్లాపాపలతో, సూట్‌కేసులతో వచ్చి నిలబడితే బండి ఆగేది చాలాసార్లు రెండే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ముసలమ్మను ఎక్కించాలి, మూటలు అందించాలి, బోగీ నంబరు సరిచూసుకోవాలి. నిమిషానికి ఇంత విలువ ఉన్న చోట గడియారం చూపించే టైము మాత్రం దువ్వాడ సూర్యుడిది కాదు. అది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల పడమర నుంచి తెచ్చిన టైము. ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది ఈ భాగంలో కథ.

రైలు రాకముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిది. సూర్యుడు నడినెత్తికి వస్తే మధ్యాహ్నం. రోజుకు అరవై గడియలు, గడియకు మన లెక్కలో 24 నిమిషాలు. ఏడున్నర గడియలైతే ఒక జాము. అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలితే అది నిండి మునగడానికి సరిగ్గా గడియ పట్టేది. దాన్ని గడియకుడుక అనేవారు. ముహూర్తానికి పెళ్లిళ్లలో అదే కొలత. ఇంగ్లీషు దొరల పాలన వచ్చాక జిల్లా కేంద్రాల్లో కచేరీ గంట మొదలైంది. ఖజానా దగ్గర కాపలా జవాను గంటగంటకూ కంచు పళ్లెం మీద సుత్తితో కొట్టేవాడు. ఆ మోత వినబడినంత మేరే ఆ టైము చెల్లేది.

ఊరు మారితే పొద్దు మారుతుందన్న సంగతి మన సిద్ధాంతులకు కొత్త కాదు. ప్రాచీన జ్యోతిష గ్రంథాలు ఉజ్జయిని మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే రేఖను మూలంగా పెట్టుకున్నాయి. దానికి తూర్పున ఎంత దూరంలో ఉంటే అంత ముందుగా, పడమరన ఉంటే అంత వెనకగా లెక్క సరిచేసుకోవాలి. పంచాంగం గుణించేవారు దాన్ని దేశాంతర సంస్కారం అంటారు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక డిగ్రీకి నాలుగు నిమిషాలు తేడా. ఉజ్జయినికీ విశాఖకీ మధ్య ఏడున్నర డిగ్రీలు. అంటే అక్కడి కంటే ఇక్కడ సూర్యుడు అరగంట ముందే నెత్తిమీదికి వస్తాడు. గడియల్లో చెబితే గడియా పావు. గ్రీనిచ్ పేరు ఎవరూ వినని కాలంలో ఉజ్జయినిని మూలంగా పెట్టుకుని ఈ లెక్కలు సాగాయన్నది గట్టిగా చెప్పుకోవలసిన మాట.

సూర్యుడి లెక్కను యంత్రాల లెక్కగా మార్చినవి ఓడలు. బంగాళాఖాతంలో సుడులు, ఇసుక మేటలు, అలల పోటు. మద్రాసుకీ విశాఖకీ అప్పట్లో లోపలికి వచ్చి కట్టేసుకునే రేవు లేదు. ఓడలు నడి సముద్రంలో లంగరు వేస్తే పడవలు వెళ్లి సరుకు దించేవి. తీరం ఎక్కడుందో, తామెక్కడున్నారో కెప్టెన్‌కు కచ్చితంగా తెలియాలంటే రేఖాంశం తెలియాలి, రేఖాంశం తెలియాలంటే కచ్చితమైన టైము తెలియాలి. ఓడలోని గడియారం మూల స్థానపు టైము చూపిస్తుంటే, నెత్తిమీది సూర్యుణ్ణి బట్టి తానున్న చోటి టైము తెలుస్తుంది. ఆ రెండింటి తేడాయే దూరం. గడియారం ఒక్క నిమిషం తప్పితే మన తీరంలో లెక్క పాతిక కిలోమీటర్లకు పైగా తప్పుతుంది. చీకట్లో ఓడ రాళ్ల మీదికి ఎక్కడానికి ఆ మాత్రం చాలు.

అందుకే ఈస్టిండియా కంపెనీకి అబ్జర్వేటరీ కావలసి వచ్చింది. విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో మద్రాసు ఎగ్మూరులో సొంత ఖర్చుతో చిన్న అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. దాన్ని కంపెనీ తీసుకుని 1792లో నుంగంబాకంలో కొత్త భవనం కట్టించింది. కట్టించినవాడు మైకేల్ టాపింగ్. ఈ టాపింగ్‌కు తెలుగు నేలతో గట్టి బంధమే ఉంది. మద్రాసులో కుదురుకోకముందే మచిలీపట్నం నుంచి కలకత్తా దాకా తీరం వెంట ప్రయాణించి దారిలోని చోట్ల అక్షాంశ రేఖాంశాలు కొలిచాడు. గోదావరి, కృష్ణ డెల్టాల్లో నీటి పారుదలకు తొలి సర్వేల్లో ఒకటి అతనిదే. కుర్రవాళ్లకు కొలతలు నేర్పడానికి 1794లో మద్రాసులో అతను తెరిచిన సర్వే బడి పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. నుంగంబాకంలో అతని దుర్భిణి యంత్రాన్ని నిలబెట్టిన గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది. వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు తెలియాలని దాని మీద చెక్కించిన మాటల్లో తెలుగు పాఠం కూడా ఒకటి.

టాపింగ్ తర్వాత ఆ బాధ్యత తీసుకున్న జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు రేఖాంశాన్ని లెక్కగట్టాడు. దాని ప్రకారం మద్రాసు గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు, ఇంకో పద్నాలుగు సెకన్లు ముందుంది. ఈ సంఖ్యే తర్వాతి నూరేళ్లూ మద్రాసు టైము. రాత్రిపూట కొన్ని ఎంపిక చేసిన నక్షత్రాలు సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖను దాటే క్షణాన్ని దుర్భిణిలో సాలెగూటి దారాల్లాంటి సన్నని గీతల మధ్య పట్టుకుని, గడియారం ఎంత ముందుందో వెనకుందో సరిచేసేవారు. సాయంత్రం ఎనిమిదింటికి సెయింట్ జార్జి కోటలో ఫిరంగి పేలితే నగరమంతా గడియారాలు దిద్దుకునేది.

విశాఖకూ సొంత అబ్జర్వేటరీ ఉండేదన్నది ఈ నగరం దాదాపు మరిచిపోయిన మాట. గోడే వెంకట జగ్గారావు 1817లో జమీందారీ కుటుంబంలో పుట్టాడు. లెక్కల మీద ఇష్టంతో మద్రాసు వెళ్లి అక్కడి అబ్జర్వేటరీ అధిపతి టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలోనే అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. దూరదర్శిని కటకం వ్యాసం ఐదంగుళాలకు కాస్త తక్కువ. అప్పటికి భారతీయులు సొంత డబ్బుతో నిలబెట్టిన ఆధునిక అబ్జర్వేటరీలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. ఇప్పుడు డాబాగార్డెన్స్ సెంటర్లో ఆటోలు, దుకాణాల మధ్య నడిచే వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో! కనీసం ఒక ఫలకమైనా అందరి కంటా పడేచోట ఉంటే బాగుంటుంది.

జగ్గారావు 1856లో నలభై నిండకుండానే చనిపోయాడు. అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ఆ బాధ్యతను భుజాన వేసుకున్నాడు. గ్రహణాలు, బుధుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడం, తోకచుక్కలు, వానలు, గాలులు అన్నీ నమోదు చేసేవాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి మీదుగా ప్రయాణించినప్పుడు ప్రపంచమంతా దుర్భిణులు ఎక్కుపెట్టింది. సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడో తేల్చే లెక్కకు ఆ ఘట్టం కావాలి. విశాఖ నుంచి నర్సింగరావు చేసిన పరిశీలనలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికే ఆయన ఆ సొసైటీ ఫెలో. ఇలాంటి పనిలో సెకను తప్పినా నెలల శ్రమ వృథా. అంటే విశాఖలో రైలు కూత వినబడటానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే సెకన్లతో సహా టైము తెలిసిన ఇల్లు ఒకటుంది. ఆ టైము ఏది? 83 డిగ్రీల 18 నిమిషాల రేఖాంశం చెప్పే విశాఖ టైము. గ్రీనిచ్ కంటే 5 గంటల 33 నిమిషాలు ముందు. నర్సింగరావు 1892లో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే రైలు పట్టాల పని జోరందుకుంది.

రైలుకు ఊరి టైముతో పనిలేదు. దానికి ఒకే టైము కావాలి. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లోనే లండన్ టైమును తన స్టేషన్లన్నిటికీ పెట్టింది. అమెరికాలో 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు దేశాన్ని టైము మండలాలుగా పంచుకున్నాయి. పద్ధతి పుట్టడానికి సౌకర్యం ఒక్కటే కారణం కాదు, ప్రాణభయం కూడా. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు వస్తున్నప్పుడు ఒక డ్రైవరు గడియారం తొమ్మిదనీ, ఇంకొకరిది తొమ్మిదీ పన్నెండనీ చెబితే ఫలితం ఊహించుకోవచ్చు. తంతి, లైన్ క్లియర్ పద్ధతులు వచ్చాక ఆ ప్రమాదం తగ్గింది. అయినా అన్ని స్టేషన్ల పుస్తకాల్లో రాసే టైము ఒకటే కాకపోతే ఆ పద్ధతులకు అర్థమే లేదు.

భారతదేశంలో ఆ ఒక్క టైము మద్రాసుది అయింది. కారణాలు రెండు. మద్రాసులో అబ్జర్వేటరీ ఉంది, అక్కడి నుంచి తంతి తీగల మీద రోజూ దేశమంతటికీ టైము పంపొచ్చు. ఇక బొంబాయికీ కలకత్తాకీ మధ్యలో మద్రాసు రేఖాంశం రెండింటికీ మరీ దూరం కాకుండా ఉంది. 1870 ప్రాంతం నుంచి రైళ్లన్నీ మద్రాసు టైము మీదే నడిచాయి. పెషావర్‌లో బండి ఎక్కేవాడికి కూడా టైంటేబిల్లో ఉన్నది నుంగంబాకంలో దిద్దిన టైమే.

ఇప్పుడు వాల్తేరుకు రండి. స్టేషన్ గడియారం మద్రాసు టైము చూపించేది. ఊరి సూర్యుడు దానికంటే పన్నెండు నిమిషాలు ముందుండేవాడు. కలకత్తా నుంచి వచ్చిన ఓడ మనిషి జేబు గడియారం ఊరికంటే ఇరవై నిమిషాలు ముందు. ఒకే ఊళ్లో మూడు మధ్యాహ్నాలన్నమాట. పైగా 1901, 1902 సంవత్సరాల్లో ఈ లైనును రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణం మద్రాస్ రైల్వేకీ, ఉత్తరం బెంగాల్ నాగపూర్ రైల్వేకీ వెళ్లాయి. ఒక కంపెనీ మొహం మద్రాసు వైపు, ఇంకోదాని మొహం కలకత్తా వైపు. రైల్వే టైము ఒకటే కావడం వల్ల గానీ లేకపోతే ఆ సరిహద్దు స్టేషన్లో బండ్ల మార్పిడి పెద్ద గందరగోళమే అయ్యేది. ఆ సరిహద్దు ఛాయలు ఇంకా పోలేదు. దక్షిణం నుంచి వచ్చే విజయవాడ డివిజను లైను, విశాఖ వైపు డివిజను కలిసేది దువ్వాడ దగ్గరే.

పల్లెటూరి వాళ్లకు ఈ పన్నెండు నిమిషాల గొడవ అంతగా పట్టలేదు. కోడి కూసినప్పుడు బయల్దేరి, స్టేషన్లో చద్దిమూట విప్పుకుని, బండి వచ్చేదాకా చెట్టు కింద కూర్చునేవారు. స్టేషన్లో వేలాడదీసిన పట్టా ముక్క మీద పోర్టరు సుత్తితో కొట్టే మోతే వాళ్లకు టైంటేబిలు. ఇబ్బంది పడిందల్లా కోర్టు వాయిదాకు వెళ్లే గుమాస్తా, మేజిస్ట్రేటు, బడి పంతులు, ఓడరేవు వర్తకుడు. కచేరీ గంటను నమ్మి వెళ్తే బండి కోసం కాచుక్కూర్చోవాలి, రైలు గడియారాన్ని నమ్మితే కచేరీకి ఆలస్యం. రెండు లెక్కలూ బుర్రలో పెట్టుకుని తిరగడం చదువుకున్నవాళ్ల పని అయింది.

విశాఖలో పన్నెండు నిమిషాలే. బొంబాయిలో మాత్రం అరగంట, అక్కడ అది తగాదాకు దారితీసింది. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ బొంబాయి సర్కారీ ఆఫీసులన్నీ మద్రాసు టైము పాటించాలని ఆదేశం ఇచ్చాడు. రైళ్లకూ ఆఫీసులకూ ఒకే టైము ఉంటే మంచిదే కదా అని ఆయన వాదన. జనం ససేమిరా అన్నారు. తమ సూర్యుడు తమకు ఉండగా మద్రాసు సూర్యుణ్ణి నెత్తిన పెట్టుకోవడమేమిటని వాళ్ల అభ్యంతరం. యూనివర్సిటీ సెనేట్ రాజాబాయి టవర్ గడియారాన్ని బొంబాయి టైముకే ఉంచింది. రెండేళ్లకు సర్కారే వెనక్కి తగ్గింది. మద్రాసు పేరు ఉన్నంతకాలం బొంబాయి, కలకత్తా ఒప్పుకోవని అప్పటికే తేలిపోయింది. ఇప్పటి అయిదున్నర గంటల టైము పుట్టుకకు ఈ నగరాల మధ్య పట్టుదలలూ ఒక కారణమని చెప్పాలి. ఏ ఒక్క నగరానిదీ కాని రేఖ అయితేనే అందరూ ఒప్పుకుంటారు.

1884లో వాషింగ్టన్‌లో పాతిక దేశాలు కూర్చుంటే, వాటిలో చాలావరకు గ్రీనిచ్ రేఖను ప్రపంచానికి మూలంగా ఒప్పుకున్నాయి. దాంతో ఒక్కో దేశం గ్రీనిచ్ నుంచి గంటల్లోనో అరగంటల్లోనో లెక్కగా ఉండే టైము ఎంచుకోవడం మొదలైంది. మన దేశంలో ఈ వాదాన్ని గట్టిగా వినిపించిన వాళ్లలో జియలాజికల్ సర్వేకి చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఒకడు. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహా భూకంపాన్ని పరిశోధించింది ఆయనే. అదురు ఏ ఊరికి ఎన్నింటికి చేరిందో తెలిస్తేనే అది భూమిలో ఎంత వేగంతో ప్రయాణించిందో లెక్క కట్టగలరు. ఊరికో గడియారం ఉన్న దేశంలో ఆ లెక్క ఎంత కష్టమో ఆయనకు బాగా తెలుసు. భూగర్భంలో వేరే కేంద్ర భాగం ఉందని 1906లో ప్రపంచానికి చూపించింది కూడా ఈ ఓల్డ్‌హామే. భూకంపాల శాస్త్రవేత్త రైలు గడియారాల గురించి ఎందుకు పట్టించుకున్నాడో అర్థమవుతూనే ఉంది.

చివరికి 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం ఖాయమైంది. గ్రీనిచ్‌కు సరిగ్గా అయిదున్నర గంటలు. దేశానికి ఇంచుమించు మధ్య. 1906 జనవరి 1 నుంచి అది భారత ప్రామాణిక కాలం. ఆ మార్పుతో మద్రాసు గడియారాలు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు దూకాయి. బొంబాయి ఊరి టైము 39 నిమిషాలు ముందుకు జరగాలి, కలకత్తా 24 నిమిషాలు వెనక్కి తగ్గాలి.

ముహూర్తం మాత్రం మంచిది కాదు. అంతకు రెండున్నర నెలల ముందే, 1905 అక్టోబరు 16న, వైస్రాయి కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చాడు. స్వదేశీ ఉద్యమం రగులుతోంది. సర్కారు చేతిలోంచి ఏది వచ్చినా అనుమానమే. కలకత్తా తన టైమును వదల్లేదు. 1948 దాకా అలాగే పట్టుకుని కూర్చుంది. బొంబాయిలో మిల్లు యాజమాన్యాలు కొత్త టైము పెట్టగానే వేల మంది కార్మికులు పని ఆపేసి రాళ్లు రువ్వారు. చలికాలపు చీకట్లో నలభై నిమిషాలు ముందే మిల్లుకు రమ్మంటే వాళ్లకు అది టైము మార్పులా కనబడలేదు, నిద్రలో కోత కోసినట్టు కనబడింది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. బొంబాయి కార్పొరేషన్ కూడా తన గడియారాలను పాత టైముకే ఉంచింది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ల దాకా ఆ ఊళ్లో రెండు టైములూ నడిచాయి.

విశాఖలో అంత గొడవ లేకపోవడానికి కారణం లెక్కల్లోనే ఉంది. కొత్త టైము ఇక్కడి సూర్యుడికి మద్రాసు టైము కంటే చాలా దగ్గర. పన్నెండు నిమిషాల తేడా మూడు నిమిషాలకు తగ్గిపోయింది. దువ్వాడలోనైతే రెండున్నర నిమిషాలే. దేశంలోని పెద్ద పట్టణాల్లో తన సొంత పొద్దును దాదాపుగా నిలబెట్టుకున్నవి కొన్నే. వాటిలో విశాఖ ఒకటి. దేశమంతా ఈ తీరపు గడియారానికి సర్దుకుందంటే అతిశయోక్తి కాదు.

ఇంతకీ ఆ గీత ఎక్కడ? కాకినాడ మీదుగా పోతుందని చాలామంది చదువుకున్నారు. పటం మీద వేలు పెట్టి చూస్తే కాకినాడ రేఖాంశం 82 డిగ్రీల పావు దరిదాపుల్లో ఉంది. అన్నవరం 82 డిగ్రీల 24 నిమిషాల ప్రాంతంలో. తుని 82 డిగ్రీల 33 నిమిషాల దగ్గర. అంటే సామర్లకోట నుంచి విశాఖ వైపు వచ్చే రైలు అన్నవరం కొండ కనబడ్డాక, తుని చేరేలోపు ఆ రేఖను దాటుతుంది. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర గంగను దాటి వచ్చే రేఖ ఇదే. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ప్రతి గడియారమూ, ఆఖరికి పొరుగున శ్రీలంక గడియారాలు కూడా, అన్నవరానికీ తునికీ మధ్య పొలాల మీద సూర్యుడు చెప్పే టైమునే చూపిస్తున్నాయి. ఆ పొలాల పక్కగా రోజూ గోదావరి, రత్నాచల్, జన్మభూమి బండ్లు పోతాయి. రైలు పట్టాల పక్కన అక్కడో రాయి పాతి, నాలుగు మాటలు తెలుగులో రాయిస్తే పిల్లలకు భూగోళ పాఠం ఒక్కసారిగా కళ్లకు కడుతుంది.

ఆ రేఖ నుంచి తూర్పుకైనా పడమరకైనా మన అక్షాంశంలో 26, 27 కిలోమీటర్లు జరిగితే సూర్యుడికీ గడియారానికీ ఒక నిమిషం తేడా వస్తుంది. ఆ లెక్కన తెలుగు నేల మీద ఎవరి పొద్దు వాళ్లదే. ఇచ్ఛాపురంలో సూర్యుడు గడియారం కంటే దాదాపు తొమ్మిది నిమిషాలు ముందు. రాజమండ్రిలో మూడు నిమిషాలు వెనక. విజయవాడలో ఏడున్నర నిమిషాలు, హైదరాబాదులో పదహారు, అనంతపురంలో ఇంచుమించు ఇరవై నిమిషాలు వెనక. ఇచ్ఛాపురంలో నడిమింట ఉన్న సూర్యుడు అనంతపురం నడిమింటికి చేరడానికి సుమారు 28 నిమిషాలు పడుతుంది. ఒకే పంచాంగాన్ని రెండు ఊళ్లవాళ్లూ కొనుక్కుని రాహుకాలం, దుర్ముహూర్తం చూసుకునేటప్పుడు తమ ఊరి సూర్యోదయానికి సరిచేసుకోవాలని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వే రోజు మాత్రం అర్ధరాత్రితో మొదలవుతుంది.

ఈ రెండు పద్ధతుల మధ్య తేడాతో ఇప్పటికీ దెబ్బ తినేవాళ్లు దువ్వాడలో కనబడతారు. 'శనివారం రాత్రి బండి' అని ఇంట్లో అందరూ అనుకుంటారు. టికెట్ మీద 00.10 అని ఉంటుంది, తేదీ శనివారానిదే. శనివారం రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు వచ్చేసరికి ఆ బండి వెళ్లిపోయి దాదాపు 24 గంటలైపోతుంది. తెల్లవారితేనే కొత్త రోజు అనుకునే అలవాటు తరతరాలుగా ఒంట్లో ఇంకిపోయింది. దాన్ని టికెట్ మీది అంకెలు ఇంకా చెరపలేకపోయాయి.

యుద్ధకాలంలో ఈ టైము ఒకసారి కదిలింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది, దీపాలు ఆర్పుకుని రాత్రులు గడిపారు. ఆ సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు దేశమంతా గడియారాలను గంట ముందుకు తిప్పారు. పగటి వెలుతురును ఎక్కువ వాడుకుని దీపాల ఖర్చు తగ్గించాలన్నది ఆలోచన. యుద్ధం ముగిశాక మళ్లీ అయిదున్నరకే వచ్చాయి.

తర్వాత ఈ తీరంలో గడియారానికి అసలు యజమాని ఫ్యాక్టరీ సైరను. 1966లో 'విశాఖ ఉక్కు–ఆంధ్రుల హక్కు' అంటూ 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ ఉక్కు కర్మాగారం వచ్చాక దువ్వాడ చుట్టుపక్కల పల్లెల రోజు మూడు షిఫ్టులుగా విడిపోయింది. బ్లాస్ట్ ఫర్నేసు రాత్రని ఆగదు, ఆరితే మళ్లీ వెలిగించడం పెద్ద పని. అందుకే ఇంట్లో ఒకరు నిద్రలేచే వేళకు ఇంకొకరు పడుకుంటారు. ఏ షిఫ్టు మారినా సూర్యుణ్ణి చూసి కాదు, గడియారాన్ని చూసే. గడియకుడుక కాలపు ముత్తాతలకు ఈ బతుకు అర్థమయ్యేది కాదు.

ఈశాన్య రాష్ట్రాల వాళ్లు తమకు వేరే టైము కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు. అరుణాచల్‌లో సూర్యుడు గుజరాత్ కంటే దాదాపు రెండు గంటలు ముందే వచ్చేస్తాడు. అస్సాం తేయాకు తోటల్లో బ్రిటిష్ కాలం నుంచి గంట ముందున్న 'బగాన్ టైము' నడుస్తూనే ఉంది. నేపాల్ మనకంటే పావుగంట ముందు పెట్టుకుంది. ఈ కథ ముగిసిపోలేదు, 1881 నాటి బొంబాయి వాదనలే కొత్త గొంతుతో వినబడుతున్నాయి. నుంగంబాకం పాత్ర మాత్రం ఎప్పుడో ముగిసింది. 1899లో అక్కడి ఖగోళ పని కొడైకెనాల్‌కు తరలిపోయింది. ఇప్పుడు దేశపు టైమును ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో సీజియం పరమాణు గడియారాలు కాపాడుతున్నాయి.

అబ్జర్వేటరీల సంగతి ఎత్తుకున్నాక ఒక తారీఖును వదిలిపెట్టి ముందుకు వెళ్లడం కుదరదు: 1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు దేశం మీదుగా పోయింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సెన్ ఓడెక్కి వచ్చి గుంటూరులో దుర్భిణి బిగించాడు. పుట్టినరోజుల్లో పిల్లలు పట్టుకునే గాలిబుడగను పైకి లేపే హీలియం కథకు, భూమి మీద అప్పటికింకా ఎవరికీ దొరకని ఆ వాయువు కథకు, ఆ ఉదయపు చీకటే మొదలు. జాన్సెన్ గుంటూరునే ఎందుకు ఎంచుకున్నాడు, మబ్బులు ఎవరిని ముంచాయి, ఎవరిని కరుణించాయి, సూర్యుడి వెలుగులో ఆ వాయువు జాడ చెప్పిన పసుపు గీతను మొదట ఎవరు చూశారన్న తగాదా ఏళ్ల తరబడి ఎందుకు సాగింది అన్నది వచ్చే భాగంలో.